సన్‌ఫ్లవర్ జిల్లా కూలి దంపతులు

ఓటర్ల జాబితాలో పేరు రాయించుకోబోయిన పాపానికి ఒక కూలి కుటుంబం తెల్లారేసరికి చెట్టుకొకరు పుట్టకొకరు అయింది. ఇది రజాకార్ల నాటి ముచ్చట కాదు, 1962 ఆగస్టు 31 నాటిది. జరిగింది ఏ సంస్థానంలోనో కాదు, ప్రజాస్వామ్యం ఎట్లా ఉండాలో లోకానికంతా పాఠాలు చెప్పే అమెరికాలో. అక్కడి దక్షిణ రాష్ట్రమైన మిసిసిపీలో, సన్‌ఫ్లవర్ అనే జిల్లాలో, రూల్‌విల్ అనే చిన్న ఊరి పక్క పత్తి కమతంలో. సన్‌ఫ్లవర్ అంటే మన పొద్దుతిరుగుడు పువ్వే. పేరు మాత్రం పువ్వుది.

ఆ భార్య పేరు ఫానీ లూ హేమర్. భర్త పేరు పెర్రీ హేమర్. ఆయన్ని ఊరంతా ‘పాప్’ అనేవారు. భార్యను గురించి పుస్తకాలు వచ్చాయి, సినిమా వచ్చింది, విగ్రహం లేచింది. భర్తను గురించి ఆ పుస్తకాల్లోనే అక్కడో ముక్క, ఇక్కడో ముక్క. రెండేళ్ళ కిందట మా సంఘం మహిళా కూలీల క్లాసులో ఆమె కథ చెబుతూ ఉంటే, వెనక వరసలోంచి ఒక పెద్దమ్మ అడ్డం పడి, ‘అదంతా సరేగాని నాయనా, ఆవిడ మొగుడేం చేశాడు? ఊరుకున్నాడా?’ అని అడిగింది. అందరూ నవ్వారు. కాని అది నవ్వులాట ప్రశ్న కాదు. మీటింగుకు వచ్చిన కూలి ఆడమనిషిని ఆసామి నేరుగా ఏమీ అనడు. సాయంత్రం ఆమె మొగుణ్ణి పిలిపిస్తాడు. ‘నీ పెళ్ళాన్ని అదుపులో పెట్టుకోరా’ అంటాడు. పాలేరు జీతమో, కౌలు చెక్కో, పాత బాకీనో గుర్తు చేస్తాడు. ఎన్నో ఊళ్ళలో మా సంఘాలు విరిగింది అక్కడే. అందుకని ఈసారి ఇద్దర్నీ కలిపి చెప్పుకుందాం.

పాలికి చేసిన బతుకు

డెల్టా అంటే మనకు కృష్ణ, గోదావరి గుర్తొస్తాయి, వరి గుర్తొస్తుంది. మిసిసిపీ డెల్టా అట్లా కాదు, అది పత్తి దేశం. మిసిసిపీ, యాజూ నదుల నడుమ పరుచుకున్న ఒండ్రు నేల. అక్కడి అడవి కొట్టి, బురద తోడి, చదును చేసినవాళ్ళు నల్లవాళ్ళు. పట్టాలు మాత్రం తెల్లవాళ్ళవి. 1865లో బానిసత్వం రద్దయింది. బానిసకు స్వేచ్ఛ ఇచ్చారు గాని సెంటు భూమి ఇవ్వలేదు. భూమి లేని స్వేచ్ఛ ఎన్నాళ్ళు నిలుస్తుంది? పాత దొర చేలోకే పాలికి పోవలసి వచ్చింది.

పాలి పద్ధతి మన రైతుకూలీలకు చెప్పవలసిన పని లేదు. భూమి, ఇల్లు, కంచరగాడిద, విత్తనం దొరవి. ఇంటిల్లిపాది రెక్కలు పాలుదారువి. పంటలో సగం. దుక్కి మొదలు పంట చేతికొచ్చే దాకా తిండికీ బట్టకీ దొర కొట్టులోనే అరువు. ధర దొర చెప్పినంత, వడ్డీ దొర వేసినంత, పద్దు దొర రాసినంత. డిసెంబరులో లెక్క చూస్తారు. చదువురాని మనిషి టోపీ చేతబట్టుకుని నిలబడితే, ‘ఈ ఏడు కూడా నువ్వే మాకు బాకీ’ అని తేలుస్తారు. ఎదురడిగినవాడికి మరుసటి ఏడు చేను ఉండదు. ఒక్కొక్కప్పుడు ప్రాణమూ ఉండదు.

ఫానీ లూ 1917 అక్టోబరు 6న అటువంటి ఇంట పుట్టింది. ఇరవై మంది సంతానంలో ఆఖరిది. పద్నాలుగు మంది మగపిల్లలు, ఆరుగురు ఆడపిల్లలు. ఆరేళ్ళ పిల్లగా రోడ్డు పక్క ఆడుకుంటూ ఉంటే దొర బండి ఆపి, ‘నువ్వు పత్తి తియ్యగలవా?’ అని అడిగాడట. వారంలో ముప్పై పౌండ్లు తీస్తే కొట్టులో మిఠాయిలు, రొట్టె, డబ్బా చేపలు ఇస్తానని ఆశపెట్టాడు. ముప్పై పౌండ్లంటే పదమూడున్నర కిలోలు. పిల్ల తీసింది, మిఠాయి తిన్నది. మరుసటి వారం అరవై పౌండ్లు తియ్యమన్నారు. అంతే, అక్కణ్ణుంచి ఇక చేను దిగలేదు. పదమూడేళ్ళు వచ్చేసరికి రోజుకు రెండు మూడు వందల పౌండ్లు తీసేది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఒక కాలు అవుడు. ఆ కాలితోనే తీసేది. వంద కిలోల పత్తి ఒక రోజులో తియ్యడమంటే ఏమిటో గుంటూరు, వరంగల్లు, ఆదిలాబాదు జిల్లాల అక్కచెల్లెళ్ళకు మేము చెప్పనక్కరలేదు. వేళ్ళు చెబుతాయి. బడి సంగతి అడగవద్దు. నల్లపిల్లల బడి ఏడాదికి నాలుగు నెలలే, అదీ పత్తి పని లేని రోజుల్లో. ఆరో తరగతితో ఆమె చదువు ముగిసింది.

ఆ కుటుంబం మంచి సంవత్సరాల్లో యాభై అరవై బేళ్ళ పత్తి పండించేది. బేలు అంటే సుమారు రెండువందల పాతిక కిలోలు. అయినా చలికాలం వచ్చేసరికి పిల్లలకు చెప్పులు లేవు. పంట అంతా అయిపోయాక తల్లి పిల్లల్ని వెంటబెట్టుకుని కమతం కమతం తిరిగి, మోళ్ళ మీద మిగిలిన గుల్లపత్తి ఏరుకొచ్చేది. మన దగ్గర వరి కోశాక పరిగ ఏరుకోవడం లాంటిదే. గడ్డకట్టిన నేల మీద కాళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకుని నడిచేవాళ్ళు. చేలో పని చేస్తుండగా ఏదో ఎగిరి తల్లి కంట్లో పడింది. వైద్యం లేక చూపు పోయింది.

ఒక్కసారి మాత్రం తలెత్తే వీలు దొరికింది. తండ్రి ఎట్లాగో కూడబెట్టి మూడు కంచరగాడిదలు, రెండు ఆవులు కొన్నాడు. సొంత అరక ఉంటే పాలు పెరుగుతుంది, కౌలుదారు కావచ్చు. నల్లవాడు సొంత కాళ్ళ మీద నిలబడటం చూడలేక ఒక తెల్లవాడు రాత్రిపూట కుడితి తొట్టిలో పురుగులమందు కలిపిపోయాడు. తెల్లారేసరికి పశువులు కడుపులుబ్బి నేలబడ్డాయి. ఆ దెబ్బతో మళ్ళీ సగపాలికే పోయారు. ఆ ఇల్లు ఇక ఎన్నడూ లేవలేదని ఫానీ లూ ముసలితనం దాకా చెబుతూనే ఉంది. ఒక్క రాత్రిలో ఒక పాలుదారును మళ్ళీ పాలుదారుగానే ఉంచడానికి కోర్టులు, చట్టాలు అవసరం లేదు, గుప్పెడు మందు చాలు.

కాటా దగ్గర

1944లో ఆమె పాప్‌ను పెళ్ళి చేసుకుంది. పాప్ రూల్‌విల్ దగ్గరి ఒక పెద్ద కమతంలో ట్రాక్టరు నడిపేవాడు. ఆ ఏడు అక్టోబరులోనే, ఆ డెల్టాలోనే, క్లార్క్స్‌డేల్ ఊరి పక్కన హాప్సన్ కమతంలో పత్తి తీసే యంత్రాన్ని జనం ముందు నడిపి చూపించారు. ఆ యంత్రానికీ ఈ దంపతులకూ తర్వాత పని పడుతుంది.

పెళ్ళైన నాటి నుంచి పద్దెనిమిదేళ్ళు ఇద్దరూ ఆ ఒక్క దొర దగ్గరే చేశారు. ఆమెకు చదవడం రాయడం వచ్చునని తెలిశాక కూలీల హాజరు, పత్తి తూకం రాసే పని కూడా అప్పగించారు. దీని మీద ఆమె చెప్పుకున్న ముచ్చట ఒకటి ఉంది. దొర కాటాకు వాడే గుండు మోసపు గుండు. కూలీ తీసిన పత్తి దాని మీద తక్కువే తూగేది. ఆమె చాటుగా సరైన గుండు ఒకటి సంపాదించి దగ్గర పెట్టుకుంది. దొర కనుచూపు మేరలో లేనప్పుడు సరైన గుండు వేలాడదీసి తూచేది. దొర వస్తున్నాడంటే మళ్ళీ పాతది. అప్పటికి ఆమె ఏ సంఘంలోనూ లేదు, ఏ నాయకుడూ ఆమెకు ఉపన్యాసం చెప్పలేదు. సంఘాలు వచ్చాకే కూలీలకు తెలివి వస్తుందనుకునే మన కార్యకర్తలు కొందరున్నారు, వారు ఈ గుండు సంగతి గుర్తుపెట్టుకుంటే మంచిది.

పొలం పని అయ్యాక దొరగారి బంగళా ఊడ్చే పని కూడా ఉండేది. ఒకరోజు స్నానాలగది కడుగుతుంటే దొర కూతురు వచ్చి, దాన్ని అంత శ్రద్ధగా కడగనక్కరలేదు, అది కుక్క వాడుకునే గది అన్నదట. హేమర్ల ఇంట్లో ఉన్న మరుగుదొడ్డి పనిచేసేది కాదు. కుక్కకు ఉన్నది తమకు లేదన్న మాట ఆమె కడుపులో చాలాకాలం ఉండిపోయింది.

ఆ దంపతులకు కడుపున పిల్లలు నిలవలేదు. ఇద్దరు ఆడపిల్లల్ని తెచ్చి పెంచుకున్నారు. కంటిచూపు పోయిన ముసలితల్లిని కూడా ఫానీ లూ తన దగ్గరే పెట్టుకుని, 1961లో పోయేదాకా సాకింది. అదే 1961లో కడుపులో చిన్న గడ్డ ఉందని ఆస్పత్రికి వెళ్తే, ఆమెను అడగకుండా, చెప్పకుండా గర్భసంచే తీసేశారు. ఆ సంగతి ఆమెకు డాక్టరు చెప్పలేదు. దొర బంగళాలో మాట బయటికి పొక్కి, వంటింటి దారిన కూలీల ఇళ్ళకు చేరి, అక్కణ్ణుంచి ఆమె చెవిన పడింది. అడగడానికి వెళ్ళి ఏం చెయ్యగలదు? తెల్లడాక్టరు మీద నల్లకూలి దావా వేయడమంటే తన చావు తాను కొనితెచ్చుకోవడమే. తమ ప్రాంతపు ఆస్పత్రికి వెళ్ళిన నల్ల స్త్రీలు పదిమందిలో ఆరుగురికి ఇదే జరిగిందని ఆమె 1964లో వాషింగ్టన్‌లో బహిరంగంగా చెప్పింది. అవతలి దేశపు దారుణమని నిట్టూర్చి ఊరుకోవద్దు. మహారాష్ట్ర బీడ్ జిల్లాలో చెరకు నరికే ఆడకూలీల గర్భసంచుల సంగతి 2019లో దేశమంతా మారుమోగింది. ఆరోగ్యశ్రీ మొదలైన తొలి ఏళ్ళలో మన జిల్లాల్లోనూ అవసరం లేని ఆ ఆపరేషన్లు ఎన్ని జరిగాయో పల్లెల్లో తిరిగేవారికి తెలుసు. కూలి ఆడదాని ఒళ్ళు అక్కడా ఇక్కడా ఒకటే లెక్క.

‘నా కోసం రాయించుకున్నాను’

1962 ఆగస్టులో రూల్‌విల్ చర్చిలో విద్యార్థి ఉద్యమ కార్యకర్తలు సభ పెట్టారు. నల్లవారికి కూడా ఓటుహక్కు ఉందని ఆమె మొదటిసారి విన్నది ఆ సభలోనే. అప్పటికామెకు నలభై నాలుగేళ్ళు. ఎవరెవరు పేరు రాయించుకోవడానికి వస్తారంటే చెయ్యెత్తింది.

31వ తేదీన పద్దెనిమిది మంది ఒక పాత బస్సులో జిల్లా కేంద్రమైన ఇండియానోలాకు వెళ్ళారు. పత్తి తీసే కూలీలను చేరవేసే బస్సది. అక్కడి దరఖాస్తులో నీవు ఎవరి దగ్గర పనిచేస్తున్నావు అన్నది ఒక ప్రశ్న. ఆ జవాబు ఎందుకో తెలుసు కదా? కూలీ ఇల్లు చేరేలోపలే దొరకు కబురు చేరడానికి. తర్వాత రాష్ట్ర రాజ్యాంగంలో ఒక సెక్షను చూపి, నకలు రాసి అర్థం చెప్పమన్నారు. 1890లో మిసిసిపీ రాజ్యాంగం రాసిందే నల్లవాళ్ళ ఓటు ఊడబెరకడానికి. ప్లీడర్లకు కూడా కొరుకుడుపడని సెక్షను ఆరో తరగతి చదివిన పత్తికూలికి ఇచ్చారు. సహజంగా ఆమె తప్పింది. తిరుగుదారిలో పోలీసులు బస్సు ఆపి డ్రైవరుకు జరిమానా వేశారు. నేరమేమిటంటే, బస్సు రంగు మరీ పసుపుపచ్చగా ఉందట! మన దగ్గర సభకు పోయే ట్రాక్టరును ఆపి లైసెన్సు అడుగుతారు, అక్కడ రంగు అడిగారు. బస్సులో ఉన్నవాళ్ళు తలా కొంచెం వేసుకుని జరిమానా కట్టారు. వాళ్ళు భయపడి ముడుచుకుపోతే ఫానీ లూ పాట ఎత్తుకుంది. చర్చిలో పాడే పాటలే. ఆ గొంతు గురించి విన్నవాళ్ళంతా చెబుతారు.

ఇంటికి వచ్చేసరికి పాప్ ఎదురొచ్చాడు. దొర మొదట పిలిచింది ఆయన్నే! మేము పైన చెప్పినది ఇదే. పాప్ ఆ కబురు ఆమెకు చెబుతుండగానే దొర తానే వచ్చి నిలబడ్డాడు. పేరు వెనక్కి తీసుకో, లేకపోతే కమతం వదిలి పో అన్నాడు. ఆమె చెప్పిన జవాబు అమెరికా కూలీల ఇళ్ళల్లో ఇవాళ్టికీ చెప్పుకుంటారు: నేను మీ కోసం రాయించుకోవడానికి వెళ్ళలేదు, నా కోసం వెళ్ళాను అని. ఆ రాత్రే ఆమె ఇల్లు వదిలింది.

ఇక పాప్. దొర ఆయనకు మరో లంకె పెట్టాడు. పంట ఇంటికి వచ్చేదాకా నువ్వు ఉండాలి, మధ్యలో పోతే సామాను దక్కదు అన్నాడు. ఆయన ఉన్నాడు. పగలు ట్రాక్టరు, రాత్రి భార్య ఎక్కడుందోనన్న బెంగ. సెప్టెంబరు 10 రాత్రి ఆమెకు ఆశ్రయమిచ్చిన ఇంటి మీద పదహారు తూటాలు పేల్చారు. ఆ వేళకు ఆమె ఆ ఇంట్లో లేదు. ప్రమాదం పసిగట్టి ముందే ఆమెను పక్క జిల్లాలోని చుట్టాల దగ్గరికి చేర్చినవాడు పాప్. పంట అయ్యాక దొర మాట తప్పాడు. పాప్‌ను పనిలోంచి తీసేశాడు, సామానూ కారూ ఉంచేసుకున్నాడు.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. పాప్ చేతిలో అప్పుడు ఏముంది? ఆయన కూడా ‘దాన్ని నేను మందలిస్తానయ్యా’ అని ఉంటే ట్రాక్టరు నిలిచేది, కొంప నిలిచేది. మన ఊళ్ళలో ఎంతమంది మంచివాళ్ళు, తాగుబోతులూ కానివాళ్ళు, పిల్లల ముఖం చూసి అట్లా అన్నారో మాకు తెలుసు. వాళ్ళను తిట్టబోము. వాళ్ళకు ఆ రాత్రి సంఘం ఏం చూపించింది, ఎక్కడ పడుకోమన్నది అనేది ముందు చూసుకోవాలి. హేమర్లకు మాత్రం రూల్‌విల్‌లో ఒక చిన్న అద్దె ఇల్లు దొరికింది. ఉద్యమకారులు ఇచ్చే నాలుగు డాలర్లు, ఇరుగుపొరుగు తెచ్చిపెట్టే కూరాకు. చుట్టుపక్కల దొరలెవరూ పాప్‌కు పని ఇవ్వలేదు. ఇంట్లో కుళాయే లేకపోతే తొమ్మిది వేల డాలర్ల నీటిబిల్లు వచ్చింది. తెల్లవారుజామున పోలీసులు టార్చిలైట్లు వేసుకుని పడకగదిలోకి వచ్చి నిలబడేవారు.

డిసెంబరులో ఆమె మళ్ళీ ఇండియానోలా వెళ్ళింది. పాసయ్యేదాకా నెలనెలా వస్తానని గుమాస్తాకు చెప్పి వచ్చింది. 1963 జనవరిలో పాసయింది.

పాప్ వేదికలెక్కలేదు, ఉపన్యాసాలు చెప్పలేదు. ఆమె ఊళ్ళు తిరుగుతుంటే ఇంట్లో ఆడపిల్లల్ని చూసుకున్నాడు. భార్య అర్ధరాత్రిదాకా కుర్రకార్యకర్తలతో కార్లలో తిరుగుతుంటే ఏమనుకోవాలో లోకం ఆయనకు చెప్పకుండా ఉంటుందా? ఆయన లోకం మాట పట్టించుకోలేదు. పెద్దమ్మ ప్రశ్నకు మా జవాబు అది.

దెబ్బలు

1963 జూన్ 9న, ఓటరు శిక్షణ తరగతి నుంచి తిరిగి వస్తుండగా వైనోనా అనే ఊళ్ళో బస్టాండు దగ్గర ఆమెనూ తోటివారినీ అరెస్టు చేశారు. జైల్లో పోలీసులు తమ చేతికి మట్టి అంటకుండా ఇద్దరు నల్లఖైదీల చేతికి తోలు లాఠీ ఇచ్చి కొట్టించారు. ఒకడు అలసిపోతే రెండోవాడు. మూత్రపిండం దెబ్బతిన్నది, ఒక కన్ను చూపు తగ్గింది, అవుడు కాలు ఇంకా అవుడైంది. కొట్టించినవాళ్ళ మీద కేసు నడిచింది. అంతా తెల్లవాళ్ళే ఉన్న జూరీ నిర్దోషులని వదిలేసింది. కూలి చేత కూలినే కొట్టించడం ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారో గాని, విద్య మాత్రం ఒకటే.

1964 ఆగస్టు 22న అట్లాంటిక్ సిటీలో డెమోక్రటిక్ పార్టీ మహాసభ కమిటీ ముందు ఆమె ఇదంతా చెప్పింది. మిసిసిపీ నుంచి తెల్లవాళ్ళే ప్రతినిధులుగా వస్తే ఒప్పుకోమని, తమదే అసలైన ప్రతినిధివర్గమని ఆమె పార్టీ వాదన. టీవీలో ఆమె మాట దేశమంతా వింటుంటే అధ్యక్షుడు జాన్సన్ హడావిడిగా తానొక విలేకరుల సమావేశం పెట్టి కెమెరాలు తనవైపు తిప్పుకున్నాడు. ఫలితమేమిటి? రాత్రి వార్తల్లో ఆమె మాటలు మళ్ళీ వేశారు, ఇంకా ఎక్కువమంది చూశారు. చివరికి రెండు సీట్లు ఇస్తాం సర్దుకోండి అన్నారు. ఇంత దూరం రెండు సీట్ల కోసం రాలేదని తిప్పికొట్టారు.

అదే 1964లో, మే నెలలో, మిసిసిపీ రాజధాని జాక్సన్‌లో మన రామమనోహర్ లోహియాను ఒక హోటలు లోపలికి రానివ్వక అరెస్టు చేశారు. లోహియా రాజకీయాలతో మనకు పేచీలున్నాయి, అవి వేరే సంగతి. పార్లమెంటు సభ్యుడైనా పంచెకట్టుతో వెళ్ళిన గోధుమరంగు మనిషికి అక్కడ జరిగిన మర్యాద అది. అక్కడ పుట్టి, అక్కడే పత్తి తీసినవాళ్ళ సంగతి ఇక వేరే చెప్పాలా?

1965 వేసవిలో డెల్టా పత్తికూలీలు సమ్మె చేశారు. రోజంతా కలుపు తీస్తే మూడు డాలర్లు ఇచ్చేవారు, గంటకు డాలరుంబావు అడిగారు. కొన్ని కమతాల్లో కూలీలను సామానుతో సహా రోడ్డుమీదికి తోశారు. దొరలకు తొందర లేదు, యంత్రం వచ్చింది, కలుపుమందు వచ్చింది. 1967లో వ్యవసాయకూలీకి తొలిసారి గంటకు డాలరు కనీసవేతనం చట్టమైంది. చట్టం రాగానే దొరలు మిగిలిన కూలీలను కూడా తీసేశారు. మేము కనీసవేతనాల జీవో తెచ్చుకున్న ప్రతిసారీ ఇదే భయం. ఇప్పుడు మన పల్లెల్లో కూడా కోతమిషను వచ్చాక ఆ భయం మాటల్లోది కాదు.

ఆ 1967లోనే హేమర్ల ఇంట ఇంకొక దెబ్బ తగిలింది. పెంచుకున్న పెద్దకూతురు జబ్బుపడింది. తిండిలేక చిక్కిన ఒళ్ళు. దగ్గరి ఆస్పత్రుల్లో చేర్చుకోలేదు. వంద మైళ్ళకు పైగా ఉన్న మెంఫిస్‌కు కారులో తీసుకుపోయారు గాని దక్కలేదు. అప్పటికి ఆ తల్లి పేరు దేశమంతా తెలుసు. ఆస్పత్రి తలుపు తెరవడానికి అది సరిపోలేదు. చనిపోయిన కూతురికి ఇద్దరు పసిబిడ్డలు. అల్లుడు వియత్నాం యుద్ధంలో దెబ్బతిన్న మనిషి. యాభై ఏళ్ళ ఫానీ లూ, అంతకన్నా పెద్దవాడైన పాప్ ఆ పసికందుల్ని చట్టప్రకారం దత్తత తీసుకుని మళ్ళీ పాలడబ్బాలు, గుడ్డలు మొదలుపెట్టారు.

పందుల బ్యాంకు, కూరగాయల చేను

ఓటు వచ్చింది. 1965లో చట్టమే వచ్చింది. కాని ఓటు వేసినవాడి పొయ్యిలో పిల్లి లేవలేదు. అదే జిల్లాలో సెనేటరు ఈస్ట్‌లాండ్‌కు అయిదు వేల ఎకరాల పైచిలుకు కమతం. పంట వేయకుండా భూమి బీడు పెట్టినందుకు సర్కారు ఆయనకు ఏటా లక్ష డాలర్లు దాటి ముట్టజెప్పేది. పక్కనే పత్తికూలీల పిల్లలకు గుక్కెడు పాలు లేవు.

1969లో ఫానీ లూ చందాలు పోగుచేసి నలభై ఎకరాలు కొన్నది. పేరు ఫ్రీడమ్ ఫార్మ్. తర్వాత రెండేళ్ళలో అది 680 ఎకరాల దాకా పెరిగింది. బీన్సు, ఆకుకూరలు, బెండ, దుంపలు వేసి పనిచేసినవాళ్ళు, చేయలేని ముసలివాళ్ళు కూడా పంచుకునేవారు. భూమి బాకీ తీర్చడానికి కొంత పత్తి, సోయా. నల్లస్త్రీల జాతీయ సంఘం సహాయంతో పందుల బ్యాంకు ఒకటి పెట్టారు. ఇది మాకు చాలా నచ్చింది. ఒక కుటుంబానికి ఈనే ఆడపంది ఇస్తారు. డబ్బు అడగరు. మొదటి ఈతలో రెండు పిల్లల్ని బ్యాంకుకు తిరిగి ఇవ్వాలి, అవి ఇంకో రెండిళ్ళకు పోతాయి. చూస్తుండగానే వందల కుటుంబాలకు చలికాలం మాంసం దొరికింది. పనిలేని కూలీకి తిండి ఉంటే దొర బెదిరింపు సగం చచ్చిపోతుంది, ఓటు గాని సంఘం గాని ఆ తర్వాత నిలబడుతుంది అన్నది ఆమె లెక్క. ఆ లెక్క తప్పు కాదు.

మరి ఎందుకు నిలవలేదు? సభ్యత్వం నెలకు ఒక్క డాలరు. అది కూడా కట్టలేని ఇళ్ళే ఎక్కువ. కాబట్టి ఉత్తరాది దాతల మీద, హ్యారీ బెలఫాంటే వంటి కళాకారుల ఉత్తరాల మీద ఆధారపడవలసి వచ్చింది. చందాలు తగ్గాయి. వాతావరణం పంటలు తీసింది. కిస్తీ, పన్ను బాకీలు పెరిగాయి. అన్ని తాళంచెవులూ ఒక్క మనిషి కొంగున ఉన్నాయి, ఆ మనిషి 1974 నుంచి మంచాన పడింది. 1976 కల్లా భూమి పన్నుబాకీల కింద పోయింది. మా అభిప్రాయం ఏమంటే, అక్కడ లేనిది త్యాగం కాదు. లెక్కలు రాసేవాళ్ళు, రెండో వరస నాయకులు, స్థానికంగా నెలనెలా వచ్చే పైకం, ఈ మూడూ లేవు. మన కౌలు సహకార సంఘాలు, మహిళల సామూహిక సాగు బృందాలు నడిపేవారు దీన్ని కూర్చుని చదవాలి.

1977 మార్చి 14న ఆమె చనిపోయింది. రొమ్ముక్యాన్సరు, చక్కెరజబ్బు, రక్తపోటు, వైనోనా దెబ్బలు. యాభై తొమ్మిదేళ్ళు. రూల్‌విల్‌లో జరిగిన అంత్యక్రియలకు పెద్దపెద్దవాళ్ళు వచ్చారు, ఐక్యరాజ్యసమితిలో అమెరికా రాయబారిగా ఉన్న ఆండ్రూ యంగ్ వచ్చి మాట్లాడాడు. పాప్ తర్వాత చెప్పుకున్న మాట వేరు. అక్కర పడ్డప్పుడు జనమంతా ఆమె కోసం వచ్చారు గాని ఆమె మంచాన పడ్డాక దగ్గర కూర్చునేవాళ్ళు కరువయ్యారని బాధపడ్డాడు. ఈ మాట చదివి మేము చాలాసేపు ముందుకు పోలేకపోయాము. మన సంఘంలో ముప్పై ఏళ్ళు తిరిగి ఇవాళ మంచాన ఉన్నవాళ్ళు ఏ ఊళ్ళో ఎవరెవరున్నారో పేర్లు చెప్పగలమా? వారి ఇంటికి ఆఖరుసారి ఎప్పుడు వెళ్ళాము?

ఆ పసికందులిద్దరినీ పాప్ ఒంటరిగా పెంచాడు. ఆయన అంతకుముందే పసిపిల్లల బడి బస్సు నడిపే పనిలో కుదిరాడు.

ఆ ఇంటివాళ్ళు తమ పెద్దల్ని మరచిపోలేదు. మనవరాలి వరసైన మోనికా లాండ్ అనే జర్నలిస్టు ఏళ్ళ తరబడి పాత టేపులు, ఫిల్ములు వెతికి పోగుచేసి 2022లో ఒక సినిమా తెచ్చింది. అందులో పండితులు వచ్చి ఆమె గురించి చెప్పరు, ఆమె గొంతే మొదటినుంచి చివరిదాకా చెబుతుంది, పాడుతుంది. 2012లో ఊళ్ళో కంచువిగ్రహం పెట్టారు. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం తన అత్యున్నత పౌర పతకాన్ని చనిపోయిన ఆమెకు ప్రకటిస్తే కుటుంబం తరఫున అందుకున్నారు. ఆమె పోయిన నలభై ఎనిమిదేళ్ళకు. ఆమె తెచ్చిన ఓటుహక్కు చట్టానికి ఉన్న పళ్ళు 2013లో అక్కడి సుప్రీంకోర్టే ఊడబెరికిన తర్వాత.

పాప్ 1992లో పోయాడు. ఆయన్ని ఆమె పక్కనే పూడ్చారు. ఆ సమాధుల జాగా ఒకప్పటి ఫ్రీడమ్ ఫార్మ్ నేలలోది.